పేషెంట్ల దగ్గర ఆగిపోయిన బిల్లులు రాబట్టుకోవడం ఎలా: చిన్న నర్సింగ్ హోమ్‌ల కోసం

పల్నాడులో ఒక ముప్పై పడకల నర్సింగ్ హోమ్‌లో బిల్లింగ్ కౌంటర్ నాది. డాక్టరు గారు ఆపరేషన్ థియేటర్‌లో ఉంటారు, మేడం ఓపీ చూస్తారు, డబ్బుల గొడవ మాత్రం నా కుర్చీ ముందుకొస్తుంది. "మిగతాది రెండు రోజుల్లో తెచ్చి కడతాం సార్" అన్న మాట వారానికి ఎన్నిసార్లు వింటానో లెక్కలేదు. అందులో కొందరు నిజంగానే రెండు రోజుల్లో తెస్తారు. కొందరు మిర్చి అమ్మాక తెస్తారు. కొందరి ఫోను ఆ సాయంత్రం నుంచే స్విచ్ ఆఫ్.

పెద్ద కార్పొరేట్ ఆసుపత్రులకు ఈ పనికి వేరే డిపార్ట్‌మెంటు, లాయర్లు అన్నీ ఉంటాయి. ఇది వాళ్ళ కోసం కాదు. ఒక డాక్టరు, ఒక ఫార్మసీ, ఒక ల్యాబు, కౌంటర్లో ఇద్దరు కుర్రాళ్ళు ఉన్న చోట బాకీలు ఎలా తగ్గించుకోవాలో, తగ్గనివి ఎలా వసూలు చేసుకోవాలో రాస్తున్నాను. కోర్టు దాకా వెళ్ళే ముందు మాత్రం మీ లాయరుతో ఒకసారి మాట్లాడండి. నేను లాయర్ని కాదు, లాయర్ల చుట్టూ తిరిగినవాణ్ణి.

ముందు, చెయ్యకూడనివి

ఇవి మొదటే చెప్పేస్తాను, ఎందుకంటే బాకీ పోతే పోయేది డబ్బు మాత్రమే, ఇవి చేస్తే ఆసుపత్రే పోతుంది.

బిల్లు కట్టలేదని పేషెంటును ఆపకూడదు. "బిల్లు క్లియర్ చేస్తేనే డిశ్చార్జి" అని గేటు దగ్గర వాచ్‌మన్‌ను పెట్టడం చట్టం దృష్టిలో అక్రమ నిర్బంధం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 127 కింద నేరం. బాకీ ఉన్నా పేషెంటును బందీగా ఉంచుకోవడం కుదరదని ఢిల్లీ హైకోర్టు 2017లోనే చెప్పింది. చనిపోయినవాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త. బిల్లు కోసం శవాన్ని ఆపితే ఊరు ఊరంతా ట్రాక్టర్లలో వచ్చి కూర్చుంటుంది, వాళ్ళ కోపంలో న్యాయం కూడా ఉంటుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల చార్టర్‌లో ఈ రెండూ రాసి ఉన్నాయి: పేషెంటు డిశ్చార్జి తీసుకునే హక్కు, బంధువులు మృతదేహాన్ని తీసుకెళ్ళే హక్కు.

రిపోర్టులు, కేస్ షీటు కాపీ ఆపడం కూడా తప్పే. మెడికల్ కౌన్సిల్ 2002 నియమాల ప్రకారం పేషెంటు రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, బాకీ ఉంటే ఇవ్వక్కర్లేదని అందులో ఎక్కడా లేదు. ఇక బాకీదారు ఫోటో పెట్టి ఊరి వాట్సాప్ గ్రూపులో వెయ్యడం, ఆఫీసుకు ఫోన్ చేసి "మీ దగ్గర పనిచేసే ఫలానా అతను గర్భసంచి ఆపరేషన్ బిల్లు ఎగ్గొట్టాడు" అనడం, ఇవన్నీ పేషెంటు జబ్బు వివరాలను బజార్లో పెట్టడమే. డాక్టరు రిజిస్ట్రేషన్ మీదికి వచ్చే పని.

అంటే మన చేతిలో ఏమీ లేదా అంటారేమో. చాలా ఉంది, కాకపోతే అదంతా పేషెంటు గేటు దాటకముందు చేసుకోవాల్సిన కాగితం పని.

మొదటి మెట్టు: అడ్మిషన్ కాగితం మీద డబ్బు కట్టే మనిషి పేరు

మా పాత ఫైళ్ళు తిరగేస్తే వసూలు కాని బిల్లుల్లో ఎక్కువ వాటికి ఒకటే రోగం. పేషెంటు పేరుంది, వయసుంది, ఊరి పేరుంది. డబ్బు ఎవరిస్తారో లేదు. అటెండర్ కాలమ్‌లో "బంధువు" అని ఉంది. ఆ బంధువు ఎవరు? పక్కింటాయన, ఆటోలో తోడొచ్చాడు.

అడ్మిషన్ ఫారంలో పేషెంటుకు ఒక భాగం, బిల్లు బాధ్యత తీసుకునేవాళ్ళకు ఇంకో భాగం పెట్టండి. పూర్తి పేరు, తండ్రి లేదా భర్త పేరు, పేషెంటుకు ఏమవుతారు, డోర్ నంబరు, ఊరు, మండలం, ఏం పని చేస్తారు, రెండు ఫోన్ నంబర్లు. రెండో నంబరు అదే ఇంట్లో వాళ్ళది కాకుండా చూసుకోండి. మొదటి నంబరుకు అక్కడే రింగ్ ఇచ్చి చూడండి, పది సెకన్ల పని. ఆధార్ జిరాక్స్ తీసుకోండి, ఒరిజినల్ మాత్రం వెంటనే చేతిలో పెట్టెయ్యండి. కింద ఒక వాక్యం: "పై పేషెంటు వైద్యానికి అయ్యే బిల్లు చెల్లించే బాధ్యత నాది." దాని కింద సంతకం.

ఈ వాక్యం విలువ తర్వాత తెలుస్తుంది. పేషెంటు చనిపోయాడనుకోండి, ఆయన బాకీ వారసుల మీద పడేది ఆయన వదిలిపోయిన ఆస్తి వరకే, వాళ్ళ సొంత జేబులోంచి ఇవ్వాల్సిన పనిలేదు. కానీ కొడుకు తన పేరుతో బాధ్యత తీసుకుని సంతకం చేసి ఉంటే అది ఆయన సొంత మాట.

ఎమర్జెన్సీ అయితే ఈ ఫారం ముందు కాదు, తర్వాత. ప్రాణాపాయంలో వచ్చినవాళ్ళకు ముందు వైద్యం చెయ్యాలని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో చెప్పేసింది. ఫారం మీద సంతకం సెలైన్ ఎక్కుతున్నప్పుడైనా పెట్టించుకోవచ్చు. రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలినవాళ్ళను దారిన పోయేవాళ్ళు తెస్తే వాళ్ళను అడ్వాన్స్ అడగొద్దు, సంతకం అడగొద్దు, పేరు చెప్పమని కూడా బలవంతం చెయ్యొద్దు. చట్టం వాళ్ళకు రక్షణ ఇచ్చింది. పైగా అలా అడిగితే రేపు మన ఇంటివాడు రోడ్డు మీద పడినా ఎవడూ ఆపడు.

రెండో మెట్టు: ఎంతవుతుందో కాగితం మీద

"ఎంతవుతుంది సార్?" అంటే "చూద్దాం, ముందు అడ్మిట్ చెయ్యండి" అనే జవాబు ఉందే, సగం బాకీలు అందులోంచే పుడతాయి. అంచనా రాసివ్వండి. ఒక అంకె కాదు, ఇంత నుంచి ఇంత అని. ఏవి కలవవో కూడా రాయండి: రక్తం, ఐసీయూకి మారిస్తే రోజుకు ఇంత, బయట నుంచి తెప్పించే స్పెషలిస్టు ఫీజు, ఇంప్లాంటు. "ప్యాకేజీ నలభై ఐదు వేలు" అని నోటితో చెప్పి చివర్లో అరవై ఎనిమిది వేల బిల్లు ఇస్తే, ఆ ఇరవై మూడు వేలు రాకపోవడంలో ఆశ్చర్యమేముంది? వాళ్ళ లెక్కలో అది బాకీ కాదు, మోసం.

అంచనా తెలుగులో ఉండాలి. కంప్యూటర్లో ఇంగ్లీషు ఫారం ప్రింటు తీసి సంతకం పెట్టించుకుంటే రేపు వినియోగదారుల కమిషన్‌లో "నాకు చదవడం రాదండి, పెట్టమంటే పెట్టాను" అంటారు, అది నిజం కూడాను.

మూడో మెట్టు: బిల్లు ఎవరు కడతారో మొదటి రోజే తేల్చుకోవడం

కార్డు ఏదైనా ఉందా అని మొదటి గంటలోనే అడగండి. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ), ఉద్యోగుల హెల్త్ కార్డు, ఈఎస్ఐ, ప్రైవేటు ఇన్సూరెన్స్, డెబ్భై దాటిన పెద్దవాళ్ళయితే ఆయుష్మాన్ వయ వందన కార్డు. మూడో రోజు సాయంత్రం పర్సులోంచి కార్డు తీసి "ఇది పనికొస్తుందా అండీ" అని అడిగినవాళ్ళను చూశాను. అప్పటికి ఆపరేషన్ అయిపోయింది, ముందస్తు అనుమతి తీసుకోలేదు, క్లెయిమ్ పోయినట్టే. వాళ్ళు కట్టలేరు, మనం వదల్లేం.

మీ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉంటే పథకం కింద చేసిన కేసులో పేషెంటు దగ్గర పైన ఒక్క రూపాయి తీసుకోకూడదు. ప్రభుత్వం నుంచి బకాయిలు నెలల తరబడి రావు, రెండు రాష్ట్రాల్లోనూ ఆసుపత్రులు సేవలు ఆపి రోడ్డెక్కింది అందుకే. ఆ కడుపుమంట నాకూ ఉంది. కానీ అది పథకం నడిపే ట్రస్టుతో తేల్చుకోవాలి, పేషెంటు మీద వేస్తే ప్యానెల్ నుంచి తీసేస్తారు. మీరు నెట్‌వర్క్‌లో లేకపోతే ఆ సంగతి ముందే చెప్పి, ఎక్కడికి వెళ్తే ఉచితమో కూడా చెప్పండి. ఇక్కడే చేయించుకుంటామంటే ఆ మాట రాయించుకోండి.

రోడ్డు ప్రమాదాలకు 2025 మేలో కేంద్రం నగదు రహిత పథకం తెచ్చింది, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు ఒక్కొక్కరికి లక్షన్నర దాకా. మీ ఆసుపత్రికి అది వర్తిస్తుందో లేదో జిల్లా అధికారుల దగ్గర ఒకసారి కనుక్కుని పెట్టుకోండి.

ఇన్సూరెన్స్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. అసలు తగాదా అక్కడే. ఒక లెక్క చూడండి. పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు 3,000. వాళ్ళు 5,000 గది తీసుకున్నారు, నాలుగు రోజులు. వాళ్ళ మనసులో లెక్క: తేడా రెండు వేలు, నాలుగు రోజులకు ఎనిమిది వేలు మనం కట్టుకుంటే సరి. కంపెనీ లెక్క వేరు. పరిమితి గది అద్దెలో 60 శాతం కాబట్టి గది, డాక్టరు ఫీజు, నర్సింగ్, థియేటర్ ఛార్జీలన్నిటికీ 60 శాతమే ఇస్తుంది. ఆ ఖర్చులు లక్ష అయితే నలభై వేలు పేషెంటు మీద పడతాయి. మందులకు, ఇంప్లాంటుకు, పరీక్షలకు ఈ కోత ఉండదు. గ్లౌజులు, మాస్కులు లాంటి నాన్-పేయబుల్స్ (కంపెనీ ఇవ్వనివి) ఇంకో రెండు మూడు వేలు. ఈ నలభై వేల సంగతి డిశ్చార్జి రోజు మధ్యాహ్నం చెబితే కౌంటర్ దగ్గర రణరంగమే. గది ఇచ్చేటప్పుడే పాలసీ కాగితం తెరిచి, ఈ లెక్క ఒక చీటీ మీద వేసి చూపించండి. చాలామంది అక్కడికక్కడే మూడు వేల గదికి దిగుతారు.

నాలుగో మెట్టు: రోజూ సాయంత్రం చీటీ

మా దగ్గర సాయంత్రం ఆరింటికి ప్రతి పడకకూ ఒక చీటీ వెళ్తుంది. "ఇవాళ్టి వరకు అయింది 38,250. మీరు కట్టింది 30,000. రేపు స్కాన్ ఉంది, సుమారు 6,500." ఇంతే. దీన్ని మొదలుపెట్టినప్పుడు డాక్టరు గారికి నచ్చలేదు, పేషెంట్లను టెన్షన్ పెట్టినట్టుంటుందన్నారు. జరిగింది వేరు. చీటీ చూశాక రాత్రి వాళ్ళ ఇంట్లో ఫోన్లు నడుస్తాయి. బావమరిది పదివేలు పంపుతాడు, డ్వాక్రా గ్రూపులో ఎవరో సర్దుతారు, కమీషన్ కొట్టులో అడుగుతారు. అప్పు పుట్టడానికి టైము పడుతుంది కదా, ఆ టైము మనం ఇవ్వాలి. డిశ్చార్జి రోజు ఉదయం ఒకేసారి డెబ్భై వేలు అడిగితే ఎవరికి పుడుతుంది?

చీటీ పేషెంటు చేతికివ్వకండి. పడుకున్న మనిషి అంకె చూసి "నన్నింటికి తీసుకెళ్ళండి" అని మొదలుపెడతారు, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్ళు. అడ్మిషన్ ఫారంలో బాధ్యత తీసుకున్న మనిషి చేతికే.

ఐదో మెట్టు: తక్కువ పడ్డ డిశ్చార్జి రోజు

అన్నీ చేసినా కొందరికి తక్కువ పడుతుంది. మొన్న డిసెంబరులో ఒకాయన, భార్యకు పిత్తాశయం ఆపరేషన్. మొత్తం 1,12,400. కట్టింది 70,000. నా ముందు నిలబడి కండువా చివర ముడి విప్పుతూ కడుతూ ఉన్నాడు, మాట రావట్లేదు. లోపలికి పిలిచి కూర్చోబెట్టాను.

"మిగతాది ఎప్పటికి సర్దగలరండీ?"

"వచ్చే వారం ఇచ్చేస్తానండీ."

"వచ్చే వారం మీకు డబ్బెక్కడ నుంచి వస్తుంది?"

నవ్వాడు. "ఎక్కడ్నుంచీ రాదండీ. కాయలు ఇంకా చెట్టునే ఉన్నయ్."

ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. ఎప్పుడు ఇస్తారు అని అడిగితే మనకు నచ్చే తేదీ చెబుతారు, ఎక్కడ నుంచి వస్తుంది అని అడిగితే నిజం తేదీ బయటికొస్తుంది. మా వైపు మిర్చి రైతుకు ఫిబ్రవరికి ముందు తేదీ పెడితే అది ఉత్తుత్తి తేదీ. గుంటూరు యార్డులో సరుకు దిగాలి, పట్టీ (అమ్మకం లెక్క చీటీ) రావాలి. వరి అయితే సంక్రాంతికి కాస్త ముందు వెనక. జీతగాళ్ళకు ఒకటి నుంచి ఐదో తారీఖు లోపు, పదో తారీఖు తర్వాత వాళ్ళ దగ్గర కూడా ఏమీ ఉండదు.

తగ్గింపు ఇవ్వాలనుకుంటే ఇప్పుడే ఇవ్వండి, ఒక్కరే ఇవ్వండి. మా దగ్గర అది మేడం చేతిలో ఉంది. డాక్టరు గారు రౌండ్స్‌లో "చూసి తీసుకోమని చెబుతాలే" అని ఒకటి, సర్పంచ్ గారి ఫోన్‌తో ఇంకొకటి, మూడో తగ్గింపు కౌంటర్లో, ఇలా సాగితే అడిగినవాడికి లాభం, అడగనివాడికి శిక్ష.

తర్వాత ఒప్పుకోలు కాగితం. మేము వాడేది దాదాపు ఇలా ఉంటుంది:

"నా భార్యకు మీ ఆసుపత్రిలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు జరిగిన వైద్యానికి మొత్తం బిల్లు రూ. 1,12,400. ఇందులో రూ. 70,000 చెల్లించాను. మిగిలిన రూ. 42,400 (నలభై రెండు వేల నాలుగు వందల రూపాయలు) నేను మీకు చెల్లించవలసి ఉన్నది. బిల్లు వివరాలు చదివి వినిపించగా విని ఒప్పుకున్నాను. ఈ మొత్తాన్ని ఫిబ్రవరి 10న రూ. 10,000, మార్చి 15న రూ. 16,200, ఏప్రిల్ 20న రూ. 16,200 చొప్పున చెల్లిస్తాను."

తేదీ, సంతకం లేదా వేలిముద్ర, ఇద్దరు సాక్షులు. సాక్షుల్లో ఒకరు వాళ్ళ తరఫు మనిషై ఉండాలి. వేలిముద్ర అయితే చదివి వినిపించిన వాళ్ళ పేరు కూడా రాయండి. కాపీ వాళ్ళకివ్వండి, ఇవ్వకపోతే వాళ్ళకు తేదీలే గుర్తుండవు.

చెక్‌బుక్ ఉన్నవాళ్ళయితే ఒక్కో వాయిదాకు ఒక్కో చెక్కు, ఆ వాయిదా తేదీతో. ఖాళీ చెక్కు తీసుకోవద్దు. మొత్తానికి ఒకే చెక్కు తీసుకుని మధ్యలో కొంత నగదు కట్టించుకుని, ఆ పాత చెక్కునే మొత్తానికి బ్యాంకులో వేస్తే కేసు నిలబడదు, 2022లో సుప్రీంకోర్టు ఇదే విషయం చెప్పింది. కట్టినంత చెక్కు వెనక రాసి ఉండాలి, లేదా కొత్త చెక్కు తీసుకోవాలి. చెక్‌బుక్ లేని ఊళ్ళవాళ్ళకు ప్రామిసరీ నోటు తెలిసిందే, రూపాయి రెవెన్యూ స్టాంపు మీద సంతకం. నాకు వ్యక్తిగతంగా పాతిక వేల లోపు బాకీకి నోటు రాయించడం ఇష్టం ఉండదు. నోటు అనగానే వాళ్ళ కళ్ళలో మనం వడ్డీ వ్యాపారులమైపోతాం. పైన చెప్పిన ఒప్పుకోలు కాగితం చాలు. వడ్డీ మాట అసలు ఎత్తకండి.

బంగారం, పట్టాదారు పాస్‌బుక్, ఏటీఎం కార్డు తీసుకోవద్దు. ఇస్తామని వాళ్ళే ముందుకొస్తారు, మెళ్ళో గొలుసు తీస్తారు కూడా. తాకట్టు కొట్టు బజార్లో ఉంది, అక్కడ పెట్టి డబ్బు తెచ్చుకోవడం వాళ్ళ ఇష్టం. మన బీరువాలో వాళ్ళ గొలుసు ఉంటే, అది తరుగు పోయిందన్న మాట కూడా మనమే పడాలి.

ఆరో మెట్టు: ఫోను

ఎర్ర అట్ట పుస్తకమో, ఎక్సెల్ షీటో, ఏదో ఒకటి. తేదీ, పేరు, ఊరు, బాకీ, తర్వాతి వాయిదా, ఫోన్లో ఏమన్నారు. చివరి కాలమ్ ముఖ్యం. "ఏప్రిల్లో బిడ్డ పెళ్ళి ఉందట" అని రాసి ఉంటే ఏప్రిల్లో ఫోన్ చేసి మాట పడక్కర్లేదు.

మొదటి ఫోను డబ్బు కోసం చెయ్యకండి. డిశ్చార్జి అయిన మూడో రోజు నర్సు చేత చేయించండి, "నొప్పి తగ్గిందా, మందులు వేస్తున్నారా, కుట్లు విప్పించుకోవడానికి ఫలానా రోజు రండి." ఇది ఉత్తి మర్యాద కాదు. బాకీ ఉన్నవాళ్ళు మొహం చెల్లక కుట్లు విప్పించుకోవడానికి రారు, ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర విప్పించుకుంటారు, అది చీము పడితే ఆ పేరు మళ్ళీ మన ఆపరేషన్‌కే. "డబ్బు సంగతి తర్వాత, ముందు చూపించుకోండి" అని నర్సు నోటితోనే చెప్పించండి.

రెండో ఫోను వాయిదాకు రెండు రోజుల ముందు. మూడోది వాయిదా దాటిన రెండో రోజు. ఆ తర్వాత వారానికొకటి, అంతకంటే ఎక్కువ వద్దు. బ్యాంకుల రికవరీ ఏజెంట్లు ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమం మనకు వర్తించకపోయినా మనమూ అదే పాటిస్తాం. ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే పెద్దకర్మ అయ్యేదాకా ఫోన్ ముట్టుకోవద్దు. పేషెంటే పోయి ఉంటే మొదటి ఫోను మేడం చేస్తారు, డబ్బు మాట వాళ్ళెత్తితేనే.

మాట్లాడేటప్పుడు "ఎప్పుడిస్తారు?" అని మొదలెట్టకుండా "పదో తారీఖు పదివేలు అనుకున్నాం కదండీ, వీలవుతుందా, లేక తేదీ మార్చుకుందామా?" అనండి. తేదీ మార్చుకుంటానన్న మనిషి మన చేతిలోనే ఉన్నట్టు. ఫోన్ ఎత్తని మనిషి గురించే ఆలోచించాలి. మారిన తేదీ వెంటనే వాట్సాప్‌లో ఆయన ఒక్కడికే పంపండి. "సరే" అని ఆయన పెట్టే జవాబు కూడా దాచుకోండి.

డబ్బు వచ్చిన ప్రతిసారీ రసీదు. ఇక్కడ మాకు జరిగిన పరువు తక్కువ పని ఒకటి చెప్పాలి. ఒక పేషెంటు కొడుక్కి మూడు నెలలు ఫోన్లు చేశాం, చివరికి కాస్త గట్టిగానే మాట్లాడాను. మర్నాడు ఆయన వచ్చి ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. పద్దెనిమిది వేలు ఎప్పుడో పంపాడు, మా కౌంటర్ కుర్రాడి సొంత నంబరుకు. "నెట్ రావట్లేదు, నాకు కొట్టండి, నేను కట్టేస్తా" అన్నాడట వాడు. ఆ రోజు నుంచి ఆసుపత్రి ఖాతా క్యూఆర్ కోడ్ తప్ప ఇంకేదీ లేదు, గోడ మీద కూడా రాయించాం: "సిబ్బంది సొంత నంబర్లకు డబ్బు పంపవద్దు." మీ దగ్గర బాకీలు అనుమానంగా పెరుగుతుంటే పేషెంట్ల కంటే ముందు మీ కౌంటర్ చూసుకోండి.

నగదు విషయంలో ఇంకొకటి. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఒకే వైద్యానికి సంబంధించి ఒకరి దగ్గర 2 లక్షలు, ఆ పైన నగదు తీసుకోకూడదు, రోజుకు యాభై వేల చొప్పున విడదీసి తీసుకున్నా కలిపే లెక్కేస్తారు. తీసుకున్న మొత్తమంతా పెనాల్టీ పడొచ్చు, అదీ తీసుకున్న మనకే. కోవిడ్ రెండో వేవ్‌లో 2021 ఏప్రిల్, మే నెలలకు మాత్రం ఆసుపత్రులకు సడలింపు ఇచ్చారు, అది ఎప్పుడో అయిపోయింది.

ఏడో మెట్టు: కట్టలేనివాళ్ళు, కట్టనివాళ్ళు

ఈ రెండు రకాలనూ ఒకే గాటన కట్టొద్దు. నిజానికి మూడో రకం కూడా ఉంది: కోపంగా ఉన్నవాళ్ళు. వాళ్ళకు డబ్బుంది, కానీ బిల్లులో ఏదో మెలిక ఉందని నమ్ముతారు. వాళ్ళను పిలిచి ఐటెమ్‌వారీ బిల్లు, ఫార్మసీ రిటర్నులు, కేస్ షీటు పక్కపక్కన పెట్టుకుని కూర్చోండి. ఒక్కోసారి వాళ్ళదే నిజం. వెనక్కిచ్చిన ఇంజెక్షన్లు బిల్లులోంచి తీసెయ్యలేదు, నెబులైజర్ రెండు రోజులు ఎక్కువ పడింది, ఇలాంటివి. తప్పు దొరికితే అక్కడే సరిచేసి సారీ చెప్పండి. వైద్యం మీదే ఫిర్యాదు అయితే కౌంటర్లో మాట్లాడొద్దు, డాక్టరు గారితో టైము ఇప్పించండి. రాజీకి వస్తే "ఈ మొత్తంతో ఇరువైపులా లెక్క పూర్తయింది" అని కాగితం రాసుకోండి.

కట్టలేనివాళ్ళకు దారి చూపించాలి. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు చేసుకుంటారు, ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ కావాలి. అవి మనం త్వరగా, తప్పుల్లేకుండా ఇస్తే వాళ్ళకు చెక్కు వస్తుంది. చెక్కు వాళ్ళ పేరునే వస్తుంది కాబట్టి మనకివ్వాలా లేదా అన్నది వాళ్ళ మాట మీద ఉంటుంది. నా అనుభవంలో చాలామంది ఇస్తారు. కానీ చెక్కు పెద్దది రావాలని బిల్లు పెంచి రాసివ్వమంటారు చూడండి, అప్పుడు మాత్రం మొహమాటం వద్దు. తెలంగాణలో 2024లో సీఎం సహాయ నిధి నకిలీ బిల్లుల మీద సీఐడీ ఆసుపత్రుల పైనే కేసులు పెట్టింది. ప్రైవేటు ఉద్యోగులకు పీఎఫ్‌లో వైద్యం కోసం డబ్బు తీసుకునే వీలుంది, ఆ సంగతి చాలామందికి గుర్తే ఉండదు. ప్రమాదం కేసుల్లో పరిహారం ట్రిబ్యునల్ నుంచి వస్తుంది, అయితే ఏళ్ళు పడుతుంది. వాళ్ళ లాయరు నంబరు ఫైల్లో రాసుకోండి.

ఎనిమిదో మెట్టు: నోటీసు, లోక్ అదాలత్, కోర్టు

ఇక్కడిదాకా వచ్చేవి ఏడాదికి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉండాలి. ఎక్కువ ఉంటే పైన ఏదో మెట్టు సరిగ్గా లేదని అర్థం.

నోటీసు ఇచ్చే ముందు ఆ కేస్ షీటు డాక్టరు గారి చేత ఒకసారి పూర్తిగా చదివించండి. బాకీ నోటీసుకు జవాబుగా నిర్లక్ష్యం అంటూ వినియోగదారుల కమిషన్‌లో కేసు రావడం మామూలే. 1995లో సుప్రీంకోర్టు శాంతా కేసు నుంచి డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది. సమ్మతి పత్రాలు, నర్సింగ్ నోట్సు సరిగ్గా లేని కేసులో పదిహేను వేల కోసం నోటీసివ్వడం తేనెతుట్టె కదపడమే.

గడువు మూడేళ్ళు. మూడేళ్ళ లోపు వాళ్ళు సంతకంతో బాకీ ఒప్పుకున్నా, కొంత కట్టి ఆ సంగతి తమ సంతకంతో రాసినా, అప్పటి నుంచి మళ్ళీ మూడేళ్ళు. అందుకే వాయిదా కట్టినప్పుడు రసీదు మనమివ్వడంతో సరిపెట్టకుండా మన కాపీ మీద "ఇంత కట్టాను, ఇంత బాకీ" అని వాళ్ళ సంతకం కూడా తీసుకోవాలి. మూడేళ్ళు దాటాక చేసే సంతకానికి ఈ బలం ఉండదు.

చెక్కు తిరిగొస్తే లెక్క రోజుల్లో. చెక్కును దాని తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వెయ్యాలి. తిరిగొచ్చిన సంగతి బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు, అది అందిన 15 రోజుల్లో వాళ్ళు కట్టాలి, కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 (చెక్ బౌన్స్) కింద ఫిర్యాదు. ఇందులో ఒక్క రోజు దాటినా తలనొప్పే. నేను గోడ క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టుకుంటాను.

కోర్టు కంటే ముందు లోక్ అదాలత్ చూడండి. కేసు వెయ్యకుండానే మండల లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. వాళ్ళు అవతలివాళ్ళకు నోటీసు పంపిస్తారు. న్యాయమూర్తి ముందు కూర్చున్నాక నాలుగు వాయిదాలకు ఒప్పుకుంటే ఆ అవార్డుకు డిక్రీతో సమానమైన బలం, దాని మీద అప్పీలు లేదు. ఆసుపత్రి సేవలు పర్మనెంట్ లోక్ అదాలత్ పరిధిలో కూడా ఉన్నాయి, అక్కడ రాజీ కుదరకపోతే వాళ్ళే తీర్పు కూడా ఇవ్వగలరు. మా బాకీల్లో నోటీసు దాకా వెళ్ళినవి ఎక్కువగా తేలింది లోక్ అదాలత్ శనివారాల్లోనే. భార్యాభర్తలు వచ్చి బెంచీ చివర కూర్చుంటారు, మేం ఇంకో చివర, పిలుపు వచ్చేలోపే సగం మాట్లాడేసుకుంటాం.

సివిల్ దావా ఆఖరిది. చెక్కు, నోటు ఉంటే సమ్మరీ దావా వెయ్యొచ్చు, కాస్త త్వరగా తేలుతుంది. డిక్రీ వచ్చాక దాన్ని అమలు చేయించుకోవడానికి మళ్ళీ ఈపీ వేసుకోవాలి, అంటే గెలిచాక ఇంకో కేసు. లాయరు ఫీజు, కోర్టు ఫీజు, మీ మనిషి వాయిదాలకు తిరిగే రోజులు లెక్కేసుకుని, యాభై వేల లోపు బాకీకి దావా వద్దని నా అభిప్రాయం. లక్షల్లో ఉండి, అవతల ఆస్తి ఉండి, కావాలనే ఎగ్గొడుతున్నవాళ్ళ మీద మాత్రం వెయ్యండి.

చివరిది: వదిలెయ్యడం

మార్చి ఆఖరి వారం మేడం, నేను ఎర్ర పుస్తకం ముందేసుకుని కూర్చుంటాం. రానివి ఏవో ఇద్దరికీ తెలుసు. కౌలు రైతు, పురుగు మందు తాగి వచ్చి బతికిన కేసు, భర్త పోయినావిడ. వాటికి అడ్డంగా గీత కొట్టి మేడం పక్కన సంతకం చేస్తారు. ఆడిటర్‌కు జాబితా వెళ్తుంది, మీ లెక్కలు ఏ పద్ధతిలో రాస్తారన్న దాన్ని బట్టి దాన్ని ఖర్చు కింద చూపించాలో లేదో ఆయన చెబుతారు.

గీత కొట్టి ఊరుకోవద్దు. వాళ్ళకు ఫోన్ చేసి చెప్పండి. కిందటేడు అలా చేస్తే ఒకావిడ నమ్మలేదు, కాగితం మీద రాసిస్తారా అంది. రాసిచ్చాం. బాకీ ఉందని ఆరు నెలలుగా బీపీ మాత్రల కోసం కూడా మా వీధిలోకి రాకుండా నరసరావుపేట వెళ్తోందట, బస్సులో, రానూపోనూ ఎనభై కిలోమీటర్లు. ఆ కాగితం తీసుకున్నాక అక్కడే ఓపీ చీటీ రాయించుకుంది.